ఇంటి రికార్డింగులో ఏ ధ్వనికి ఎక్కడ చోటు? పాన్ గురించి పాఠకుల ప్రశ్నలు

ఇంట్లో పాటలు రికార్డు చేసుకుని స్వయంగా మిక్సింగ్ చేసుకుంటున్న పాఠకులు పాన్ (ధ్వనిని ఎడమకో కుడికో జరపడం) విషయంలో అడిగిన ప్రశ్నలను ఈ సంచికలో ఒకచోట చేర్చి సమాధానాలు ఇస్తున్నాను. మొదటి ప్రశ్నకు సమాధానం పొడుగ్గా ఉంటుంది. తక్కినవాటికి కావలసిన పునాది అందులోనే ఉంది కనుక దాన్ని దాటవేయకుండా చదవమని మనవి.

ప్రశ్న: మా ఇంట్లో కీర్తనలు రికార్డు చేసుకోవడానికి మైకును కంప్యూటరుకు కలిపే, రెండు ఇన్‌పుట్‌లు ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్ కొన్నాము. నేను పాడింది హెడ్‌ఫోన్‌లో ఎడమ చెవికి మాత్రమే వినిపిస్తోంది. పాన్ నాబ్‌ను కుడివైపు తిప్పితే గొంతు కుడికి రావడానికి బదులు పూర్తిగా మాయమైపోతోంది. మృదంగాన్ని రెండు మైకులతో స్టీరియోలో తీశాము. దాన్ని ఒక పక్కకు జరిపితే ఒక మూత శబ్దమే మిగులుతోంది. లోపం ఎక్కడ ఉంది? గొంతు, వయొలిన్, మృదంగం, తంబూరాలను ఎక్కడెక్కడ ఉంచాలో కూడా చెప్పగలరు.
(ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

సమాధానం: మీ పరికరంలో లోపం లేదు. మీరు చెప్పిన రెండు ఇబ్బందులకూ కారణం ఒక్కటే. మోనో ట్రాక్ మీద పాన్ నాబ్ చేసే పని వేరు, స్టీరియో ట్రాక్ మీద అదే నాబ్ చేసే పని వేరు. చూడడానికి రెండుచోట్లా ఒకేలా కనిపిస్తుంది కాబట్టి కొత్తగా మిక్సింగ్ మొదలుపెట్టినవారు దాదాపు అందరూ ఇక్కడ తికమకపడతారు.

మోనో ట్రాక్‌లో ఉండేది ఒకే ఒక సంకేతం. దానిలో ఎంత భాగం ఎడమ స్పీకర్‌కు వెళ్లాలో, ఎంత భాగం కుడి స్పీకర్‌కు వెళ్లాలో పాన్ నాబ్ పంచుతుంది. రెండింటికీ సమానంగా వెళ్తే, ఎదురుగా స్పీకర్ ఏదీ లేకపోయినా, శబ్దం సరిగ్గా నడుమ నుంచి వస్తున్నట్టు అనిపిస్తుంది. ఒక వైపు స్థాయి తగ్గుతున్న కొద్దీ శబ్దం రెండో వైపుకు జరుగుతుంది, ఆ తేడా సుమారు 15 నుంచి 20 డెసిబెల్ చేరేసరికి పూర్తిగా ఆ స్పీకర్‌లోంచే వస్తున్నట్టు వినిపిస్తుంది. రెండు స్పీకర్ల మధ్య స్థాయుల తేడాతో శ్రోతకు దిశను కల్పించవచ్చునని ఈఎంఐ సంస్థలో పనిచేసిన ఆంగ్లేయ ఇంజినీరు అలన్ బ్లమ్‌లైన్ 1931 డిసెంబరులో దాఖలు చేసిన పేటెంటులో వివరించారు. ఈనాటి ప్రతి పాన్ నాబ్ వెనుక ఉన్న సూత్రం అదే.

స్టీరియో ట్రాక్‌లో పరిస్థితి ఇందుకు భిన్నంగా ఉంటుంది. అందులో ఎడమకు ఒకటి, కుడికి ఒకటి చొప్పున ముందే రెండు సంకేతాలు ఉంటాయి. చాలా సాఫ్ట్‌వేర్లలో ఆ ట్రాక్ మీది నాబ్‌ను కుడికి తిప్పితే ఎడమ సంకేతం తగ్గుతుందే తప్ప అది కుడివైపుకు చేరదు. చివరిదాకా తిప్పితే ఎడమ సంకేతం పూర్తిగా ఆగిపోతుంది. దీనికి సరైన పేరు బ్యాలెన్స్. మీ మృదంగంలో ఒక మూత శబ్దం పోవడం, మీ గొంతు మాయం కావడం రెండూ బ్యాలెన్స్ వల్ల జరిగినవే.

ముందుగా గొంతు సంగతి చూద్దాం. రెండు ఇన్‌పుట్‌ల ఇంటర్‌ఫేస్‌లో మొదటి ఇన్‌పుట్‌ను ఎడమగా, రెండోదాన్ని కుడిగా సాఫ్ట్‌వేర్ లెక్కవేస్తుంది. మీరు మొదటి ఇన్‌పుట్‌లో మైకు పెట్టి, స్టీరియో ట్రాక్ తెరిచి పాడారు. అందువల్ల ఎడమలో మీ గొంతు, కుడిలో నిశ్శబ్దం రికార్డయ్యాయి. ఇకపై ఒక్క మైకుతో తీసే ప్రతి ధ్వనికీ మోనో ట్రాక్ తెరిచి, దాని ఇన్‌పుట్‌గా 1 లేదా 2ను మాత్రమే ఎంచుకోండి. ఇప్పటికే పాడినదాన్ని మళ్లీ పాడనక్కరలేదు. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో అయితే ట్రాక్ మెనూలో స్టీరియోను రెండు మోనో ట్రాకులుగా విడగొట్టే సదుపాయం ఉంది. విడగొట్టి, ఖాళీగా ఉన్న ట్రాక్‌ను తొలగిస్తే సరిపోతుంది. అలా కాకుండా రెండింటినీ కలిపి మోనోగా మార్చే ఆదేశం వాడితే, అది సగటు తీస్తుంది కనుక, నిశ్శబ్దంతో కలిసిన మీ గొంతు 6 డెసిబెల్ తగ్గిపోతుంది. పాడైపోదు గానీ స్థాయిని మళ్లీ పెంచుకోవలసి వస్తుంది.

మృదంగానికి రెండు మైకులు వాడడం మంచి ఆలోచన. దాన్ని ఒక పక్కకు జరపాలంటే రెండు సంకేతాలకూ విడివిడిగా చోటు చూపించే పద్ధతి కావాలి. ప్రో టూల్స్‌లో స్టీరియో ట్రాక్‌కు మొదటినుంచే రెండు పాన్ నాబ్‌లు ఉంటాయి. రీపర్‌లో పాన్ నాబ్ మీద రైట్ క్లిక్ చేసి డ్యూయల్ పాన్ అనే పద్ధతిని ఎంచుకోవచ్చు. లాజిక్ ప్రోలో స్టీరియో పాన్, ఏబల్‌టన్ లైవ్‌లో స్ప్లిట్ స్టీరియో పాన్ అని అదే పనికి వేరే పేర్లతో ఉన్నాయి. ఇవేవీ లేని సాఫ్ట్‌వేర్ అయితే ఫైలును రెండు మోనో ట్రాకులుగా విడగొట్టి, ఒక్కొక్కదాన్నీ విడిగా పాన్ చేసుకోండి. ఫలితంలో తేడా ఉండదు.

విడగొట్టిన తరువాత, పాన్ చేయక ముందే, రెండు మృదంగం ట్రాకులనూ నడుమనే ఉంచి ఒక పరీక్ష చేయండి. ఒకదాని పోలారిటీని తిప్పి, అంటే సంకేతాన్ని తలకిందులు చేసి వినండి, మళ్లీ మామూలుగా పెట్టి వినండి. ఏ స్థితిలో తొప్పి (ఎడమ మూత) గుంకారం నిండుగా వినిపిస్తుందో ఆ స్థితిలో వదిలేయండి. రెండు మైకులూ ఒకదానికొకటి ఎదురుగా, వాద్యానికి రెండు చివర్లా ఉంటాయి కాబట్టి కొన్ని తరంగాలు ఒక మైకును నెట్టే క్షణంలో రెండో మైకును లాగుతాయి, ఆ రెండూ కలిసినప్పుడు మంద్రధ్వని సన్నబడుతుంది. ఈ పరీక్షకు క్షణాలే పడుతుంది, కానీ మృదంగం నాదమంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

ఇక ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలన్న ప్రశ్న. మన కచేరీ సంప్రదాయమే దీనికి చక్కని నమూనా ఇస్తోంది. సాధారణంగా గాయకుడికి కుడిచేతి వైపు మృదంగం, ఎడమచేతి వైపు వయొలిన్ కూర్చుంటాయి. ఎదుట ఉన్న శ్రోతలకు మృదంగం ఎడమన, వయొలిన్ కుడిన కనిపిస్తాయి. మృదంగ విద్వాంసుడు గాయకుడి వైపు తిరిగి కూర్చున్నప్పుడు కుడి మూత సభవైపు ఉండి, దాని నాదం శ్రోతలకు సూటిగా చేరడం ఈ అమరికలోని సౌలభ్యం. ఎడమచేతివాటం గల విద్వాంసుడైతే ఈ కారణంగానే వాద్యకారులు చోట్లు మార్చుకోవడం కూడా ఉంది. రికార్డింగులోనూ ఈ అమరికను పాటించమని నా సలహా. మన శ్రోతల చెవికి ఇది అలవాటైన చోటు.

గొంతు నడుమన, కదపకుండా ఉండాలి. వయొలిన్ కుడివైపు 30 నుంచి 40 శాతం దగ్గర బాగుంటుంది. వయొలిన్ గాయకుడిని నీడలా అనుసరిస్తూ దాదాపు అదే స్థాయిలో పలుకుతుంది కనుక రెండూ నడుమనే ఉంటే సంగతులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. పక్కకు జరిపిన మరుక్షణం, స్థాయిని మార్చే ఫేడర్లను ముట్టుకోకుండానే, రెండూ విడివిడిగా వినిపిస్తాయి. కొత్తవారు గొంతు సరిగా వినిపించడం లేదని దాని స్థాయిని పెంచుతూ పోతారు. చాలాసార్లు కావలసింది స్థాయి కాదు, చోటు.

మృదంగం రెండు మైకులనూ పూర్తిగా ఎడమకూ పూర్తిగా కుడికీ లాగితే వాద్యం గదంత వెడల్పుగా మారి, వాయించేవారి రెండు చేతులూ శ్రోతకు చెరోపక్క ఉన్నట్టు అవుతుంది. తనియావర్తనం ఒక్కటే రికార్డు చేస్తున్నప్పుడు అది కొంతవరకు సమంజసమేమో గానీ కీర్తనలో అసహజం. కుడి మూత మైకును ఎడమవైపు 45 శాతం దగ్గర, తొప్పి మైకును ఎడమవైపు 10 లేదా 15 శాతం దగ్గర ఉంచి చూడండి. మృదంగానికి కొంత వెడల్పు మిగులుతుంది, అది కూర్చున్న చోటూ తెలుస్తుంది. తొప్పిని నడుమకు దగ్గరగా ఉంచమనడానికి కారణం ఉంది. 80 హెర్ట్జ్ తరంగం పొడవు 4 మీటర్లకు పైనే. అంత పొడవైన తరంగం తల చుట్టూ సులభంగా ఒంగి రెండు చెవులకూ ఇంచుమించు ఒకే బలంతో చేరుతుంది కాబట్టి మంద్రధ్వని దిశను చెవి సరిగా గుర్తించలేదు. దాన్ని పక్కకు తోసినందువల్ల దిశాభావం పెద్దగా రాదు, పైగా ఒక్క స్పీకర్ మీద భారమంతా పడుతుంది. ఘటమో కంజిరయో ఉంటే అవి వెనుక వరసలో ఉన్నట్టు, కొద్దిపాటి స్థానభేదంతో, రివర్బ్ (గది ప్రతిధ్వని ప్రభావం) కొంచెం ఎక్కువగా ఇచ్చి అమర్చుకోండి.

తంబూరాను గురించి ప్రత్యేకంగా చెప్పాలి. శ్రుతిపెట్టె నుంచో ఫోన్ యాప్ నుంచో తీసిన మోనో తంబూరాను నడుమన ఉంచితే అది గొంతు కిందే పరుచుకుని పదాల స్పష్టతను తినేస్తుంది. దాన్ని రెండుసార్లు వేర్వేరుగా, రెండోసారి మీటే వేగం కొద్దిగా మార్చి రికార్డు చేసి, ఒకటి పూర్తిగా ఎడమకు, మరొకటి పూర్తిగా కుడికి పంపండి. నిజంగా వేర్వేరు రికార్డింగులు కనుక ఒకదాన్నొకటి రద్దు చేసుకోవు. గాయకురాలి వెనుక రెండు తంబూరాలు మీటే పాత కచేరీ పద్ధతికి ఇది ఎంతో దగ్గరగా ఉంటుంది. స్థాయి మాత్రం తక్కువగా ఉంచండి. తంబూరాను ఆపితే లోటు తెలియాలి గానీ వినిపిస్తున్నంతసేపూ దాని మీదికి ధ్యాస పోకూడదు.

రివర్బ్‌ను ఒక్కొక్క మోనో ట్రాక్ మీద నేరుగా వేయకుండా విడిగా ఒక స్టీరియో ట్రాక్‌లో పెట్టి, గొంతునూ వాద్యాలనూ తగినంతగా దానికి పంపండి. గది ప్రతిధ్వని అన్ని వైపుల నుంచీ వస్తుంది. కాబట్టి ఆ స్టీరియో ట్రాక్‌ను మాత్రం పూర్తి వెడల్పుతో వదిలేయాలి.

ప్రశ్న: గిటార్ ట్రాక్‌ను నడుమ నుంచి పక్కకు జరిపితే ఒక సాఫ్ట్‌వేర్‌లో శబ్దం పెరిగినట్టు, మరొకదానిలో తగ్గినట్టు అనిపిస్తోంది. స్నేహితుడికి నా ట్రాకులు ఇచ్చి, అవే పాన్ అంకెలు పెట్టమన్నాను. అతని దగ్గర మిక్స్ వేరేగా వచ్చింది. ఎందుకు?
(ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్)

సమాధానం: పాన్ లా అనే అమరిక సాఫ్ట్‌వేర్‌ను బట్టి మారడమే ఇందుకు కారణం. నడుమన ఉన్న ధ్వని రెండు స్పీకర్ల నుంచీ వస్తుంది, పక్కన ఉన్నది ఒక్కదాని నుంచే వస్తుంది. ఏ సవరణా చేయకపోతే నడుమన ఉన్నప్పుడు ఎక్కువగానూ, పక్కకు వెళ్లినప్పుడు తక్కువగానూ వినిపిస్తుంది. అందుకని నడుమన ఉన్నప్పుడు రెండు వైపులా స్థాయిని కొంత తగ్గిస్తారు. ఎంత తగ్గించాలన్న దానిపైనే భేదాలున్నాయి.

గదిలో రెండు స్పీకర్ల శబ్దాలు గోడల ప్రతిఫలనాలతో కలిసి చెవిని చేరేటప్పుడు వాటి శక్తులు కలుస్తాయని తీసుకుంటే 3 డెసిబెల్ తగ్గించాలి. అంటే నడుమన ప్రతి వైపుకూ అసలు పరిమాణంలో 0.707 వంతు వెళ్తుంది, రెండింటి వర్గాలను కూడితే మొత్తం 1 వస్తుంది. రెండు చానళ్లను విద్యుత్ సంకేతాలుగానే మోనోలో కలిపేస్తే పరిమాణాలే నేరుగా కూడతాయి కాబట్టి 6 డెసిబెల్ తగ్గించాలి, అంటే చెరి సగం. ఈ రెండింటికీ మధ్యేమార్గంగా 4.5 డెసిబెల్ కూడా వాడుకలో ఉంది. ప్రో టూల్స్, క్యూబేస్, లాజిక్, రీపర్‌లలో ఈ విలువను ప్రాజెక్టు లేదా సెషన్ సెట్టింగుల్లో మార్చుకోవచ్చు. మీరూ మీ స్నేహితుడూ ముందు ఒకే విలువ పెట్టుకోండి. ఇంట్లో పనిచేసేవారికి 3 డెసిబెల్ సరిపోతుంది. మిక్సింగ్ సగం అయ్యాక మాత్రం దీన్ని మార్చకండి, మార్చితే మీరు కుదిర్చిన స్థాయులన్నీ చెదిరిపోతాయి. ఇతరులకు పని అప్పగించేటప్పుడు పాన్ చేయని మోనో ట్రాకులతోపాటు మీ మిక్స్ నమూనా ఫైలును కూడా ఇవ్వడం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి.

ప్రశ్న: కోరస్ గొంతులు విశాలంగా వినిపించాలని ఒకే ట్రాక్‌ను నకలు చేసి, ఒకటి ఎడమకు, మరొకటి 15 మిల్లీసెకన్ల ఆలస్యంతో కుడికి పెట్టాను. హెడ్‌ఫోన్‌లో అద్భుతంగా ఉంది. ఫోన్ స్పీకర్‌లో మాత్రం గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టు పలచబడిపోయింది.
(ఒక పాఠకుడు, డాలస్, అమెరికా)

సమాధానం: ఆలస్యం లేకుండా ఒకే ట్రాక్‌ను రెండు వైపులా పెట్టి ఉంటే వెడల్పు అసలే వచ్చేది కాదు. నడుమనే ఇంకొంచెం గట్టిగా వినిపించేది. ఆలస్యం కలిపితే మెదడు రెండింటినీ ఒకే ధ్వనిగా తీసుకుని, ముందు చేరిన వైపే అది ఉన్నట్టు భావిస్తుంది. జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్ముట్ హాస్ 1949లో ఈ విషయాన్ని వివరంగా పరిశీలించినందున దీన్ని హాస్ ప్రభావం అంటారు. రెండు చెవులకూ విడివిడిగా చేరినంతవరకు చిక్కు లేదు. రెండు చానళ్లూ ఒకే స్పీకర్‌లో కలిసినప్పుడే నష్టం మొదలవుతుంది. 15 మిల్లీసెకన్ల ఆలస్యంతో కలిసిన రెండు నకళ్లు 33, 100, 167, 233 హెర్ట్జ్, ఆపైన కూడా అదే దూరంలో వరసగా ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. గొంతుకు నిండుదనం ఇచ్చే భాగమంతా ఇలా చిల్లులు పడడం వల్లనే మీకు డబ్బా ధ్వని వినిపించింది.

మోనో శ్రోతలు తక్కువేనని కొట్టిపారేయడానికి వీల్లేదు. మన ఊళ్లలో గుడి మైకు, ఫంక్షన్ హాలు స్పీకర్లు, బల్ల మీది చిన్న బ్లూటూత్ స్పీకర్, ఒకే స్పీకర్ ఉన్న ఫోన్, ఆకాశవాణి మీడియం వేవ్ ప్రసారం, వీటన్నిటిలో పాట మోనోగానే వినిపించడం సర్వసాధారణం. స్టీరియో ఎఫ్ఎం ప్రసారంలో కూడా ప్రధాన సంకేతం ఎడమ, కుడి చానళ్ల మొత్తమే. వాటి తేడాను వేరుగా, 38 కిలోహెర్ట్జ్ ఉపవాహకం మీద పంపుతారు. మోనో రేడియోకు ఆ మొత్తం మాత్రమే అందుతుంది. అంటే మీ రెండు చానళ్లు కలిసినప్పుడు చెడిపోయే పాట ఆ శ్రోతలందరికీ చెడిపోయిన పాటగానే చేరుతుంది. అది నాకు సమ్మతం కాదు.

దీనికి మంచి మార్గం మళ్లీ పాడించడం. ఒకే గాయకుడు అదే చరణాన్ని రెండోసారి పాడినప్పుడు శ్రుతిలో, కాలంలో, ఉచ్చారణలో సహజంగా వచ్చే సూక్ష్మభేదాలే అసలైన వెడల్పును ఇస్తాయి. ఆ భేదాలు క్షణక్షణానికీ మారుతుంటాయి కనుక మోనోలో కలిసినా ఒకే చోట స్థిరంగా రద్దు జరగదు. 1966లో లండన్‌లోని ఈఎంఐ స్టూడియోలో కెన్ టౌన్‌సెండ్ అనే ఇంజినీరు, గాయకులకు రెండోసారి పాడే శ్రమ తప్పించడానికి, టేపు యంత్రాల సహాయంతో ఒకే గొంతు నుంచి రెండో గొంతును పుట్టించే పద్ధతిని రూపొందించారు. అందులోనూ ఆలస్యాన్ని స్థిరంగా ఉంచకుండా కొద్దికొద్దిగా కదిలించడమే కిటుకు. మళ్లీ పాడించడం సాధ్యం కాని పక్షంలో నకలు స్థాయిని అసలుకన్నా 8 నుంచి 10 డెసిబెల్ తగ్గించి, దానిలోని మంద్రభాగాన్ని ఫిల్టర్‌తో తీసివేయండి. నష్టం పూర్తిగా పోదు, కానీ బాగా తగ్గుతుంది.

పని చేస్తున్నప్పుడు మధ్యమధ్యలో మాస్టర్ ట్రాక్ (అన్ని ట్రాకులూ కలిసే చివరి ట్రాక్) మీది మోనో బటన్ నొక్కి వినడం అలవాటు చేసుకోండి. ఆ బటన్ లేకపోతే ఫోన్ సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ విభాగంలో మోనో ఆడియో అనే సదుపాయం ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ ఉంది. పక్కకు పాన్ చేసిన వాద్యాలు మోనోలో కొద్దిగా వెనక్కి తగ్గడం సహజం, దానికి కంగారుపడనక్కరలేదు. ఏదైనా గొంతు గానీ వాద్యం గానీ సన్నబడినా, మాయమైనా ఆ ట్రాక్‌ను తప్పక సరిచేయాలి.

ప్రశ్న: నేను కరోకే ట్రాకుల మీద పాడుతాను. ట్రాక్‌ను ఎడమకు, నా గొంతును కుడికి పెడితే రెండూ స్పష్టంగా వినిపిస్తాయని ఒకరు చెప్పారు. సరైనదేనా?
(ఒక పాఠకురాలు, అనంతపురం)

సమాధానం: సరైనది కాదు. కరోకే ట్రాక్ అప్పటికే పూర్తిగా మిక్సయిన స్టీరియో ఫైలు. అందులో ప్రతి వాద్యానికీ ఒక చోటు ఉంది. పైన చెప్పినట్టు దాన్ని ఎడమకు తిప్పితే కుడి చానల్‌లోని వాద్యాలు పోతాయి. దాని నాబ్‌ను నడుమనే వదిలి, మీ గొంతును మోనో ట్రాక్‌గా నడుమనే ఉంచండి. అసలు పాటలో గొంతు ఉండిన చోటు అదే కాబట్టి ట్రాక్ నడుమ మీ కోసం ఖాళీగా ఉంటుంది.

అయితే ట్రాక్‌ను ఎలా తయారుచేశారో గమనించాలి. పాత పద్ధతిలో గొంతును తీసేయడానికి ఒక చానల్ నుంచి మరొకదాన్ని తీసివేస్తారు. రెండింటిలోనూ సమానంగా ఉన్నదంతా, అంటే నడుమన ఉన్న గొంతుతోపాటు సాధారణంగా నడుమనే ఉండే బేస్, డ్రమ్స్ కూడా, పోతాయి. గొంతు రివర్బ్ మాత్రం స్టీరియోలో ఉన్నందున పూర్తిగా పోక, దయ్యంలా వెనుక వినిపిస్తూ ఉంటుంది. ఇలాంటి కొన్ని ఫైళ్లలో మిగిలిన సంకేతాన్ని ఒక వైపు మామూలుగా, రెండో వైపు తలకిందులుగా పెడతారు. హెడ్‌ఫోన్‌లో అది ఎంతో విశాలంగా ఉంటుంది గానీ మోనో స్పీకర్‌లో వాద్యాలన్నీ పోయి మీ గొంతొక్కటే మిగులుతుంది. పాడడానికి ముందే ఆ ట్రాక్‌ను ఒకసారి మోనోలో విని, సంగీతం నిలిచి ఉంటేనే వాడండి. లేకపోతే దాన్ని స్టీరియో నుంచి రెండు మోనో ట్రాకులుగా విడగొట్టి, ఒకదాన్ని తొలగించి, మిగిలినదాన్ని నడుమన పెట్టుకోండి. వెడల్పు పోతుంది, సంగీతం దక్కుతుంది.